లీటరుకు ఎన్ని మైళ్లు కాదు, ఎక్కడ?

2019లో మా నాయన అప్పుచేసి చిన్న కారు కొన్నాడు. కంపెనీ కాగితంలో లీటరుకు 22 కిలోమీటర్లని ఉంది. ట్యాంకు నింపించి, మీటరు రాసుకుని, మళ్లీ నింపినప్పుడు లెక్కేస్తే వచ్చింది 16! "మోసపోయాంరా" అన్నాడు.

మోసం కాదు. ఆ 22 ప్రయోగశాలలో, రోలర్లమీద, ఏసీ ఆపి, గంటకు 90 కి.మీ. దాటకుండా నడిపి తేల్చిన అంకె. మా ఊరి గతుకుల్లోనో, బ్రేకు నొక్కిన ప్రతిసారీ పెట్రోలు కాల్చి సంపాదించిన చలనశక్తి వేడిగా పోతుంది. ఆ వేగం మళ్లీ పెట్రోలుతోనే కొనాలి. హైవే ఎక్కితే ఇంకో గొడవ: వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు. వెనక సీట్లో రెండు యూరియా బస్తాలు, అంటే 90 కిలోలు, సరేసరి!

ఇప్పుడు నాయన 60 దాటనివ్వడు. బస్తాలు ట్రాక్టరులోనే. పోయిననెల 19 వచ్చింది.