క్షారలోహాలు, లవణజనకాలు - పాలమూరు నీరు

ఒక మూలకం ప్రకృతిలో ఒంటరిగా దొరకకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. అది భూమిపై అత్యల్పంగా ఉండడం ఒకటి. ఎదురైన ప్రతి పదార్థంతోను కలిసిపోయే స్వభావం కలిగి ఉండడం రెండవది. సోడియం, క్లోరిన్ ఈ రెండవ కోవకు చెందినవి. వంటింటి ఉప్పు వాటి సంయోగఫలమే. నిత్యం ఉప్పు తినే మనలో ఆ రెండింటినీ విడివిడిగా చూసినవారు ఎందరో చెప్పనక్కరలేదు.

క్షారమనే మాట మనకు కొత్తది కాదు. మొక్కల భస్మాన్ని నీటిలో కలిపి, వడగట్టి, కాచి క్షారాన్ని సిద్ధం చేసే విధానం సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ఉన్నది. మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని దానికి భేదాలు కూడ చెప్పబడ్డాయి. ఆంగ్లంలో పొటాషియం అన్న పేరు సైతం కుండలో కాచిన బూడిద నుండి పుట్టినదే. 1807లో హంఫ్రీ డేవీ విద్యుత్ప్రవాహ సహాయంతో మొదట పొటాషియాన్ని, కొద్ది రోజులకే సోడియాన్ని వేరుచేశాడు. పల్లెలలో రజకులు బట్టలుతకడానికి తెచ్చుకొనే చౌడుమన్నుకు మురికిని విడిపించే గుణం ప్రధానంగా సోడియం కార్బొనేటు వలననే వచ్చింది.

లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం, ఫ్రాన్షియం అనే ఆరు క్షారలోహాల పరమాణువులకు బాహ్య కర్పరంలో ఒకే ఎలక్ట్రాన్ ఉంటుంది. దానిని విడిచి ధనాయానుగా మారడం వీటి స్వభావం. వరుసలో కిందికి పోయినకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది. కేంద్రకానికి దూరమైన ఆ ఎలక్ట్రాన్‌పై పట్టు సడలుతుంది. లిథియం నుండి ఒక మోల్ ఎలక్ట్రాన్లను తొలగించడానికి సుమారు 520 కిలోజౌళ్ల శక్తి కావలసి ఉండగా, సీజియానికి 376 చాలు. కనుకనే లిథియం నీటితో నిదానంగా చర్య జరుపుతుంది. సోడియం కరిగి గుండ్రని ముద్దయై నీటిపై పరుగులు తీస్తుంది. పొటాషియం ఊదారంగు మంటతో మండుతుంది. సీజియం నీటిని తాకీతాకగానే పేలుతుంది. ప్రయోగశాలలో సోడియాన్ని కిరోసిన్‌లో దాచడం ఇందుకే. లోహబంధ బలం కూడ ఈ వరుసలోనే క్షీణిస్తుంది. సీజియం ద్రవీభవన స్థానం 28.5 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. గాలి సోకకుండ గాజుగొట్టంలో మూసి గద్వాల వేసవిలో ఉంచితే అది నీరువలె పారుతుంది!

లవణజనకాల స్వభావం దీనికి విపర్యయం. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ పరమాణువుల బాహ్య కర్పరంలో ఏడు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఎనిమిదవదానిని గ్రహించడానికి అవి ఉత్సుకత చూపుతాయి. పరమాణువు చిన్నదైనకొద్దీ ఆ ఆకర్షణ అధికం. అందుచేత ఇక్కడ చర్యాశీలత పైనుండి కిందికి తగ్గుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఫ్లోరిన్, క్లోరిన్ వాయువులు, బ్రోమిన్ ద్రవం, అయోడిన్ ఘనం. ఫ్లోరిన్‌ను వేరుచేయడం ఎంతటి దుష్కరకార్యమో దాని చరిత్రయే చెబుతుంది. 1886లో హెన్రీ మోసాన్ ఆ పని సాధించేలోగా ఎందరో శాస్త్రవేత్తలు ఆ ప్రయత్నంలో గాయపడ్డారు. కొందరు ప్రాణాలే కోల్పోయారు.

ఈ చర్యాశీలతా క్రమానికి ఒక ముఖ్యమైన ఫలితం ఉన్నది. బ్రోమైడు ద్రావణంలోనికి క్లోరిన్‌ను పంపితే బ్రోమిన్ వెలువడుతుంది; అయోడైడు నుండి అయోడిన్ వెలువడుతుంది. ఫ్లోరైడును మాత్రం క్లోరిన్ కదిలించలేదు. ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చే విషయమనుకోరాదు. పాలమూరు ప్రజల తాగునీటి కథ ఇందులోనే ఉన్నది.

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడ్డాయి. పాత జిల్లాలో అధికభాగం గ్రానైటు శిలాప్రాంతం. ఆ శిలలలోని అభ్రకం, ఎపటైటు వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ బంధితమై ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు చిరకాలం నిలిచినపుడు శిల శిథిలమై సోడియం నీటిలో చేరుతుంది, నీరు క్షారగుణం పొందుతుంది. కాల్షియం సుద్దగా గడ్డకట్టి తొలగిపోతుంది. కాల్షియం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడును పట్టి అడుగుకు దించేది. అది లేని సోడియపు నీటిలో ఫ్లోరైడు నిరాటంకంగా మిగులుతుంది. క్షారలోహం, లవణజనకం కలిసి చేసే ఈ పని కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు.

తెలుగునేలపై ఈ వ్యాధి 1937లోనే వెల్లడైంది. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు దీనిని గుర్తించారు. అనంతరకాలంలో నల్లగొండ దీనికి పర్యాయపదమైంది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రమాణం. ఫ్లోరైడు అయాను పరిమాణంలో హైడ్రాక్సైడు అయానుకు ఇంచుమించు సమానం, ఆవేశంలో సమానం. అందువలన దంతాలలో, ఎముకలలో అది హైడ్రాక్సైడు స్థానాన్ని ఆక్రమిస్తుంది. పళ్లపై మచ్చలు పడతాయి. మోతాదు హెచ్చి ఏండ్లు గడిస్తే వెన్నెముక బిగిసి మనిషి వంగిపోతాడు.

నీటిని కాచితే సరిపోదా అని పలువురు అడుగుతారు. కాచినపుడు నీరు ఆవిరియై ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. క్లోరిన్ బిళ్ల సూక్ష్మజీవులను చంపుతుంది గాని, పైన చెప్పిన క్రమాన్ని అనుసరించి ఫ్లోరైడును తొలగించదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. పటిక నుండి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడు తెట్టు ఫ్లోరైడును అంటించుకొని అడుగుకు చేరుతుంది. ఇది చవకైన పద్ధతి. అయితే కొలత తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది, పేరుకొన్న బురదను ఎక్కడ పారవేయాలన్నది మరొక చిక్కు. ప్రతిదినం శ్రద్ధ కోరే పని కనుక పలుచోట్ల నిలవలేదు. బోరు నీటిని శుద్ధిచేయడం కంటె నదీజలాన్ని తెచ్చుకోవడమే మేలన్నది నా అభిప్రాయం. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ మార్గంలోనే కృష్ణా, గోదావరి జలాలను శుద్ధిచేసి ఇండ్లకు చేర్చింది.

అయినను పొలం పనులకు వెళ్లినవారు దాహానికి అక్కడి బోరునే ఆశ్రయించడం నేటికీ కద్దు. శాశ్వత దంతాలు రూపుదిద్దుకొనేది సుమారు ఎనిమిదేండ్ల వయస్సు లోపలనే. ఆ వయస్సులో ఏర్పడిన మచ్చ తరువాత ఎంత మంచి నీరు తాగినా పోదు.