పాత లగ్జరీ ఎస్‌యూవీ: ధర తగ్గుతుంది, ఖర్చు తగ్గదు

కొత్త క్రెటా కొనే డబ్బుకు పదేళ్ల బీఎండబ్ల్యూ ఎక్స్5 వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కార్ల షోరూముల్లో ముందు వరసలో తళతళలాడుతూ నిలబెట్టేవి ఇలాంటి బండ్లే. అప్పు చేసి మరీ కొని, రిపేర్ల బిల్లులు కట్టలేక అయినకాడికి అమ్ముకున్న కుటుంబాలున్నాయి. వాళ్లను ముంచింది చాలాసార్లు బండి కన్నా ముందు దాని గురించి విన్న మాటలే. కష్టార్జితం పెట్టే ముందు ఆ మాటల్లో నిజమెంతో తెలుసుకోవాలి.

అపోహ: బండి ధర పడిపోయింది కాబట్టి ఖర్చూ తక్కువే అవుతుంది.

వాస్తవం: పడిపోయేది బండి ధర ఒక్కటే. స్పేర్ పార్టుల ధర మాత్రం డెబ్బై, ఎనభై లక్షల కారుకు తగ్గట్టే ఉంటుంది. ఇన్సూరెన్స్ ఆదుకుంటుందనుకోవడమూ పొరపాటే. అరుగుదల, యంత్రం దానంతటది చెడిపోవడం మామూలు పాలసీ కిందికి రావు. యాక్సిడెంట్ క్లెయిములో సైతం రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. ఐదేళ్లు దాటిన బండికి లోహపు భాగాల మీద 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం కోత పడుతుంది. ఈ కోత లేకుండా చూసే జీరో డిప్రిసియేషన్ కవర్ ఇంత పాత బండికి దొరకడం కష్టం. అమ్మినాయన సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా ఆయనతోనే పోతుంది, మీకు రాదు.

అపోహ: జర్మన్ బండికి లక్ష కిలోమీటర్లు ఒక లెక్కా?

వాస్తవం: ఇంజిన్ వరకు ఆ మాటలో కొంత నిజముంది. అయితే జేబుకు చిల్లు పెట్టేవి ఇంజిన్ చుట్టూ ఉండే రబ్బరు, ప్లాస్టిక్, సెన్సర్లు. ఇవి కిలోమీటర్లతో పాటు ఏళ్లతోనూ, మన ఎండలతోనూ పాడవుతాయి. ఎయిర్ సస్పెన్షన్ సంగతే చూడండి. స్ప్రింగుల బదులు బండి బరువు మోసేవి గాలి నింపిన రబ్బరు సంచులు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి మడతల్లో సన్నని పగుళ్లొస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంటే, ఎత్తు నిలబెట్టడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి చివరికి కాలిపోతుంది. మొదట్లోనే ఒక్క సంచి మార్చి ఉంటే సరిపోయేది. పట్టించుకోకపోతే సంచి, కంప్రెసర్ రెండూ మార్చాలి. అందుకే బండి రాత్రంతా చదునైన చోట ఆగి ఉన్నాక, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు వెళ్లి చూడండి. చక్రానికీ పైనున్న ఫెండరుకూ మధ్య సందు ఒక మూల తక్కువగా ఉంటే అక్కడ గాలి పోతున్నట్టే.

ఇంజిన్‌నూ పూర్తిగా నమ్మడానికి లేదు. ఎక్స్1, ఎక్స్3ల్లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ సమస్య పేరుమోసినదే. ఆ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే గేర్‌బాక్స్‌నో ఇంజిన్‌నో దించాల్సిందే. చైన్ ఖరీదు కన్నా కూలీ ఎక్కువయ్యేది అందుకే. చల్లబడిన ఇంజిన్ స్టార్ట్ చేయగానే దాని వెనక వైపు నుంచి గరగరమని చప్పుడొస్తే ముందుకెళ్లకండి. మీరు వెళ్లేసరికే అమ్మేవాళ్లు ఇంజిన్ వేడి చేసి ఉంచితే, మరోరోజు వస్తామని చెప్పి రండి.

అపోహ: తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండి.

వాస్తవం: మీటరు వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు. మీటరులో నలభై వేలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, డ్రైవరు సీటు అంచు నలిగి ఉంటే అనుమానించాలి. చాలా మోడళ్లలో కిలోమీటర్ల లెక్క ఇతర కంట్రోల్ యూనిట్లలోనూ నమోదవుతుంది కాబట్టి స్కానర్ పెడితే తేడా బయటపడవచ్చు. షాసీ నంబరుతో కంపెనీ సర్వీస్ రికార్డు తీయించడం ఇంకా మేలు.

నిజంగానే తక్కువ తిరిగినా డీజిల్ బండికి అది మంచి గుణం కాకపోవచ్చు. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు శుభ్రపడాలంటే హైవే మీద నిలకడగా కొంతదూరం నడవాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వరకే తిరిగిన బండిలో ఆ ఫిల్టరు పూడుకుపోతుంది.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు.

వాస్తవం: కొన్ని కార్ల కంపెనీలు అలా చెప్పిన మాట నిజమే. కానీ బీఎండబ్ల్యూ, రేంజ్ రోవర్లలో కనిపించే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమంటోంది. మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు మీ లెక్కలో రాసుకోండి.

అపోహ: ఢిల్లీ బండి తెచ్చుకుంటే లాభమే.

వాస్తవం: ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడి బండ్లు చౌకగా మనవైపు రావడానికి ఇదొక ముఖ్య కారణమైంది. ఇక్కడికి తెచ్చాక పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ తప్పదు. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఫైనాన్స్ ఉంటే తీరినట్టు కాగితం కావాలి, చలానాలు కట్టి ఉండాలి. పైగా లైఫ్ ట్యాక్స్. దాన్ని మీరు కొన్న చౌక ధరను బట్టి కాకుండా బండి అసలు ధర, వయసు చూసి లెక్కగడతారు. ఈ మొత్తం కలిపాక ఇక్కడి బండితో పోల్చండి. ఎన్‌ఓసీ చేతికి రాకముందు పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

అపోహ: ఇంత మెరుస్తున్న బండి వరదలో మునిగి ఉండదు.

వాస్తవం: 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో బుడమేరు పొంగి విజయవాడ వరద చూశాయి. నీళ్లలో నానిన బండ్లు కడిగి, పాలిష్ పట్టి అమ్మకానికి వస్తాయి. లగ్జరీ బండికి ఈ దెబ్బ మరీ ప్రమాదం. బ్యాటరీ, కంట్రోల్ యూనిట్లు, వైరింగ్ చాలావరకు సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీలో ఉంటాయి. ఆడి క్యూ7లో బ్యాటరీ ఉండేది ముందు సీటు కిందే. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు కూడా నిజం చెప్పేస్తాయి.

అపోహ: బయటి షెడ్డులో సగం ఖర్చుతో అయిపోతుంది.

వాస్తవం: ఆ మోడల్ తెలిసిన మెకానిక్, సరైన స్కానర్ ఉంటే అవుతుంది. లేకపోతే చిన్న పనీ పెద్దదవుతుంది. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ వేస్తే ఆ విషయం కంప్యూటరులో నమోదు చేయాలి. లేకుంటే పాత బ్యాటరీకి చేసినట్టే చార్జింగ్ చేస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండికి ఒక్క టైరే కొత్తది వేస్తే, చక్రాల చుట్టుకొలతలో తేడా వచ్చి, ముందు వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది.

అపోహ: సరిపడకపోతే అమ్మేద్దాం.

వాస్తవం: అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. వార్నింగ్ లైటు వెలుగుతున్న పాత లగ్జరీ బండిని వ్యాపారి కూడా రిపేరు ఖర్చు తీసేసి అడుగుతాడు.

ఇంతమాత్రాన ఇవి కొనకూడని బండ్లని కాదు. ఒకే యజమాని చేతిలో, ప్రతి సర్వీసుకూ బిల్లుతో నడిచిన ఎస్‌యూవీ ఏళ్లతరబడి హాయిగా తిరుగుతుంది. బండిని లిఫ్టు మీద ఎక్కించి, స్కాన్ చేయించి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి. కొన్న ధరలో ఐదో వంతు మొదటి ఏడాది రిపేర్ల కోసం పక్కన పెట్టుకోండి. అంత మిగలదంటే, ఆ డబ్బుకు కొత్త మామూలు ఎస్‌యూవీయే మీ ఇంటికి సరైన బండి.