రంగుపట్టీ చెప్పేదేమి? చెప్పనిదేమి?

అన్నం, చోడి అంబలి మాని, కొబ్బరినూనె వంటి కొవ్వులతో పథ్యం చేసేవారు మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో నాకు తరచుగా తారసపడుతుంటారు. 2017 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి ప్రచారంతో ఇటువంటి పథ్యం తెలుగునాట విశేషంగా వ్యాపించింది. “మూత్రపు పట్టీ రంగు తేలిపోయింది. పథ్యం చెడినట్లేనా?” అని నన్ను అడుగుతుంటారు. చెడినట్లు కాదు.

పిండిపదార్థాలు బాగా తగ్గినప్పుడు కాలేయం కొవ్వునుండి కీటోనులను తయారుచేస్తుంది. వాటిని మూడు విధాలుగా పరీక్షించవచ్చును.

మూత్రపు పట్టీ చవకైనది. అసిటోఅసిటేటు ఉంటే గులాబీనుండి ఊదారంగుకు మారుతుంది. అయితే నీరు అధికంగా త్రాగితే రంగు పలచబడుతుంది; ఒంట్లో నీరు తగ్గితే ముదురుతుంది. వారాలు గడిచినకొద్దీ కీటోనులు మూత్రంలో పోవడం తగ్గి, పట్టీ వెలవెలబోవచ్చును.

రక్తపరీక్ష నమ్మదగినది. వేలికొనను గుచ్చి తీసిన బొట్టులో బీటా హైడ్రాక్సీబ్యుటిరేటును చిన్న మీటరు కొలుస్తుంది. లీటరుకు 0.5 నుండి 3 మిల్లీమోలుల వరకు ఉంటే పథ్యంవలన కలిగిన కీటోసిస్‌గా భావిస్తారు.

మూడవది ఊపిరిలోని అసిటోను. మగ్గినపండు వంటి వాసన దానివల్లనే వస్తుంది. దీనికీ పరికరాలున్నాయి గాని ఖచ్చితత్వం తక్కువ.

యోగరత్నాకరంలోని తైలబిందు పరీక్ష కీటోనులను కొలిచేది కాదు. ఇందుకు దానిని ఆశ్రయించరాదు. కొబ్బరినూనె త్రాగినా కీటోనులు పెరుగుతాయి. కనుక అంకె పెరిగినంత మాత్రాన నడుముకొవ్వు కరిగినట్లు కాదు.

మధుమేహులు మరింత జాగ్రత్త వహించవలెను. ఇన్సులిన్ వాడేవారు, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు వైద్యుని అనుమతి లేనిదే ఈ పథ్యం ఆరంభించరాదు. ఆ మాత్రలు వాడేవారిలో చక్కెర దాదాపు మామూలుగా ఉన్నప్పటికీ కీటోనులు ప్రమాదస్థాయికి చేరవచ్చును. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపించినా, రక్తంలో అంకె 3 దాటినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లవలెను.

మా ప్రాంతంవారికి మరొక మాట. కవిటి, సోంపేట, పలాస మొదలగు ఉద్దానం మండలాలను పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి తొలిదశలో లక్షణాలు చూపకపోవచ్చును. కీటోను పట్టీ దానిని కనిపెట్టలేదు. అందుచేత పథ్యానికి ముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకొనండి.

ఆపై వారానికొకసారి పరగడుపున బరువు, నడుము కొలత వ్రాసుకొనండి. ఒళ్లు తగ్గుతున్నదో లేదో తెలుసుకొనుటకు పట్టీ రంగుకన్న అవే మేలు.