చేనులో దొరికిన కుందేలు పిల్లను ఇంట్లో పెంచుకోవచ్చా?

వేరుశనగ కట్టె పీకే రోజులొస్తే మా అనంతపురం వైపు ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట. చేనులో కుందేలు పిల్లలు దొరికినాయి, తల్లి కనపడలేదు, పిల్లోళ్లు పెంచుకుందామని ఏడుస్తున్నారు, ఏం పాలు తాపాల? వీడియోలో మా ఇంట్లో గంతులేస్తున్న రెండు తెల్ల కుందేళ్లను చూశాక ఈ ప్రశ్న ఇంకా ఎక్కువ వస్తుందని నాకు తెలుసు. అందుకే ముందే చెప్తున్నా, ఆ రెండూ చేనులో దొరికినవి కావు.

మన చేలల్లో ఉండేది అడవి కుందేలు, మనం చెవులపిల్లి అనేది. ఒళ్లు మట్టిరంగు, మెడ వెనక నల్లమచ్చ. అంగళ్లలో అమ్మే తెల్లవి, మచ్చలవి యూరప్ కుందేలు జాతి నుంచి వచ్చినవి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా పుట్టుకలోనే తేడా ఉంది. పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. చెవులపిల్లి పిల్ల ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది. దీనికి బొరియ ఉండదు. గడ్డిదుబ్బు పక్కనో, చెట్ల సాళ్ల మధ్యనో చిన్న పల్లంలో కదలకుండా పడుకుంటుంది. నక్కకో కుక్కకో వాసన తగలకూడదని తల్లి పగలంతా దూరంగా ఉంటుంది. చీకటి పడ్డాక వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి మళ్లీ పోతుంది. మనం పగలు చూసి "దీనికి తల్లి ల్యాదు" అనుకుంటాం.

మొన్న అక్టోబరులో పక్క చేను వాళ్ల పిల్లోడు టవల్లో రెండు పిల్లల్ని చుట్టుకొచ్చినాడు.

"యాడ దొరికినాయి రా?"

"చెనక్కాయ చేనులో, పెదనాయనా. పొద్దున్నించి చూస్తి, వాళ్లమ్మ రాలేదు. ఆవుపాలు తాపల్లా?"

తాపొద్దన్నా. కుందేలు పాలు చాలా చిక్కన. ఆవుపాలతో పిల్లలకు పారుడు పట్టుకుంటుంది, ఆ సైజు ప్రాణి ఒక్కరోజు పారుడుకే తట్టుకోదు. సిరంజితో తొందరపడి తాపితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్లోడి ముఖం మాడిపోయింది. అయినా పొద్దు గూకకముందే ఇద్దరం వెళ్లినాం. కట్టె ఇంకా పీకని నాలుగు సాళ్లు మిగిలున్నాయి. అవి దొరికిన చోటికి దగ్గరగా గడ్డి నీడలో పెట్టి, కుక్కను కట్టేసి వచ్చేసినాం. తెల్లారి పిల్లలు అక్కడే ఉన్నాయి. ముందురోజు సాయంత్రం వీపుకు అంటుకున్న పొట్టలు గుండ్రంగా ఉబ్బినాయి. పిల్లోడు వాటిని ముట్టుకోకుండా పది అడుగుల దూరం నుంచి చూసినాడు.

మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదనే మాటను పట్టుకుని కొందరు "ముట్టుకున్నాం కదా, ఇంక మనమే పెంచాల" అంటారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు. ఒకసారి చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి వదిలేయడం అరుదు, వెనక్కి పెట్టేయండి. ఇంకో సంగతి, చెవులపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జంతువు. పట్టుకోవడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. గాయపడిందీ, తల్లి నిజంగా చచ్చిపోయిందీ దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేకుండా ఉంచి అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు అప్పజెప్పాల.

మన ప్రకృతి వ్యవసాయం రైతులకు ఈ పని ఇంకా ఎక్కువ పడుతుంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి ఏడాదంతా నేలను పచ్చగా కప్పి ఉంచుతున్నాం, గట్లు తగలబెట్టడం లేదు. దాగడానికి చోటున్న చేనునే కుందేలు వెతుక్కుంటుంది. గుంటక తోలే ముందు, ట్రాక్టరు దింపే ముందు ఒక మనిషి కర్రతో సాళ్ల వెంట నడిచి చూస్తే చాలు. పిల్లలు కనపడితే ఆ చుట్టూ నాలుగు సాళ్లు రెండు మూడు రోజులు వదిలేయండి.

ఇక మా ఇంట్లోవి. టౌన్లో ఒక ఇంటివాళ్లు పుట్టినరోజుకు కొని, నెల తిరక్కుండానే "మీ తోటలో వదిలేస్తాం" అని తెచ్చినారు. ఎర్రమట్టి చేనులో తెల్ల కుందేలు పిల్ల ఎంతసేపు బతుకుతుంది? గద్దకు, కుక్కకు అరమైలు నుంచి కనపడుతుంది. అందుకని ఇంట్లోకే తీసుకున్నాం. ఆపదలో ఉన్న కుందేలు పిల్లను పెంచుకోవాలని ఎవరికైనా ఉంటే ఇలాంటివాటినే తీసుకోండి, ఇవి ఎక్కువే ఉన్నాయి.

మన దగ్గర దీనికి మొదటి శత్రువు ఎండ. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాల. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మనకు ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. మిద్దె మీద రేకుల కింద బోను పెడితే అది కుందేలు గూడు కాదు, పెనం. మా ఇంట్లో తాడిపత్రి బండలు పరిచిన నడిమి గదిలో వదిలినాం. నీళ్లు మట్టిచిప్పలో, పక్కన అడ్డంగా పడేసిన పాతకుండ, కిటికీకి తడి గోనెపట్ట. మధ్యాహ్నాలు కుండలోనే ఉంటాయి. గసపెడుతూ, నోట్లోంచి చొంగ కారుస్తుంటే మామూలు నీళ్లతో చెవులు తడిపి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల, ఐసునీళ్లు వద్దు.

మేతకు ఎండుగడ్డి, గరిక ప్రధానం. పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. క్యారెట్ బొమ్మల్లో మేత, కొంచెం చాలు. బూజు పట్టిన వేరుశనగ కట్టె అస్సలు పెట్టొద్దు, విషం. సుబాబుల్ ఆకు మేకకు పెట్టినట్టు పెడితే బొచ్చు రాలిపోతుంది. రాత్రిపూట మెత్తటి పెంటికలు అదే తింటే కంగారు పడొద్దు, దాని జీర్ణం పద్ధతే అంత. గట్టి పెంటికల్ని మాగబెట్టకుండానే కరివేపాకు మొదట్లో వేస్తున్నాం. దాంతో ఎకరం సాగవుతుందని మాత్రం అనుకోవద్దు, జీవామృతానికి ఆవు ఉండాల్సిందే.

ఆడా మగా కలిపి ఉంచితే నాలుగైదు నెలలకే మొదలవుతుంది, కడుపుతో ఉండేది నెలరోజులే. మాకు రెండూ ఆడవే అని పశువైద్యుడు చూసి చెప్పాకే ఒకచోట ఉంచినాం. మీరూ తెచ్చుకునే ముందే కుందేళ్లను చూసే డాక్టరు ఎక్కడున్నాడో కనుక్కోండి. పూటంతా మేత ముట్టలేదంటే రేపు చూద్దాం అనడానికి లేదు, ఆ రోజే తీసుకుపోవాల.