పాటల వరుసను శాసించు పాత చిట్టా

త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నములను, ఆరాధనోత్సవములందు విద్వాంసులు కలిసి పాడు వరుసలోనే, అనగా నాటలో జగదానందకారక మొదలుకొని, గౌళలో దుడుకుగల, ఆరభిలో సాధించెనె, వరాళిలో కనకనరుచిరా మీదుగా తుదకు శ్రీరాగములోని ఎందరో మహానుభావులు వరకు, కారు ప్రయాణములో వినవలెనను కోరికతో ఆ ఐదింటిని ఒక పెన్‌డ్రైవులో ఎక్కించుకొని బయలుదేరినవారికి, ఊరు దాటకముందే శ్రీరాగము వినిపించి మంగళము పాడినట్లగుట అపూర్వమైన అనుభవమేమియు కాదు. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టినచో అచ్చులు హల్లులకు ముందుండును గనుక అక్షరక్రమములో ఎందరో మహానుభావులే అగ్రపీఠము నధిష్ఠించును. రోమను లిపిలో పెట్టినచో దుడుకుగల మొదటను, ఎందరో రెండవదిగాను, జగదానందకారక మూడవదిగాను వచ్చును. ఈ రెండు వరుసలలో ఏదో ఒకటి వచ్చినను కొంత సమాధానపడవచ్చును గాని, అనేకములైన కారు స్టీరియోలలో వచ్చునది ఈ రెండును కాదు. రాగక్రమమునకును అక్షరక్రమమునకును లోబడని మూడవ వరుస యొకటి వచ్చును.

ఈ విషయమై ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "కంప్యూటర్లో చూస్తే అన్నీ వరుసగానే కనబడుతున్నాయి కదండీ, కారులో పెట్టేసరికి ఏమొచ్చింది వాటికి?" అని అడిగినది. ప్రశ్నలోనే సగము సమాధానమున్నది. కంప్యూటరు ఫోల్డరును తెరచునప్పుడు అందున్న పేర్లనన్నిటిని తన విశాలమైన స్మృతిలోనికి తెచ్చుకొని, సర్ది, మనకు చూపును. సర్దినది తెరమీదనే గాని పెన్‌డ్రైవులో కాదు. కారు స్టీరియోలోని చిన్న చిప్పునకు, అందును చౌకరకపు దానికి, వేయి పేర్లను నిలుపుకొని పోల్చిచూచు స్మృతి యుండదు. అది పెన్‌డ్రైవులోని చిట్టాను పైనుండి క్రిందికి ఒక్కొక్క పద్దు చొప్పున చదువుకొనుచు, ఏ పద్దు తగిలిన ఆ పాటను వాయించుచు పోవును. కావున మనము కారులో వినునది ఆ చిట్టాలో పద్దులు పడిన వరుస. ఆ చిట్టా పుట్టినది 1977లో. అప్పటికి ఎంపీ3 అను మాటయే లేదు.

మైక్రోసాఫ్ట్ సంస్థలో మార్క్ మెక్‌డొనాల్డ్ అను యువకుడు, ఎన్‌సీఆర్ కంపెనీ యంత్రమొకదానికై ఫ్లాపీ డిస్కుపై పనిచేయు బేసిక్ భాషను సిద్ధపరచునప్పుడు కల్పించిన ఈ ఏర్పాటునకు ఫైల్ ఎలొకేషన్ టేబుల్ అని పేరు; పొడి అక్షరములలో ఫ్యాట్. దాని సూత్రము తెలిసికొనుటకు మన పల్లెలలోని పాత కరణముగారి అడంగలును తలచుకొనుట మేలు. ఒక రైతు భూమి ఊరంతట ముక్కలు ముక్కలుగా, చెరువు క్రింద రెండు మళ్లు, డొంక ప్రక్కన ఒకటి, శ్మశానమునకు అవతల మరియొకటిగా ఉండవచ్చును. ఏ మడి ఎవరిదో మడిలో వ్రాసియుండదు, కరణము పుస్తకములో వ్రాసియుండును. పాట కూడ అట్లే. 32 గిగాబైట్ల పెన్‌డ్రైవును సాధారణముగా 16 కిలోబైట్ల మళ్లుగా విభజింతురు. 5 మెగాబైట్ల పాట అట్టి మళ్లు 320 ఆక్రమించును. అవి ప్రక్కప్రక్కనే ఉండవలెనను నియమము లేదు. చిట్టాలోని పద్దు పాట యొక్క మొదటి మడి సంఖ్యను మాత్రమే చెప్పును. అది 700 అనుకొందము. అప్పుడు పట్టికలోని 700వ గడిని చూడవలెను. అందు 701 అని యుండును. 701వ గడిలో 940 అని యుండవచ్చును. 940వ గడిలో 941. ఇట్లు ఒక గడి తరువాతి గడిని చూపుచుండగా, ఇక చాలునను గుర్తు వచ్చువరకు పోయినచో పాట పూర్తియగును. గడిలో సున్న ఉన్నచో ఆ మడి బీడు, ఎవరైనను దున్నుకొనవచ్చును.

ఇంత సులభమైన యుక్తి ఎందుకంత గొప్పదో తెలియవలెనన్న దాని ప్రత్యర్థిని చూడవలెను. ఆ కాలమున చిన్న కంప్యూటర్ల రాజ్యమేలినది గ్యారీ కిల్డాల్ సృష్టించిన సీపీఎమ్. అందు మధ్యవర్తియైన పట్టిక లేదు. ఫైలు పేరు వ్రాసిన పద్దులోనే దాని దిమ్మల సంఖ్యలును వ్రాయుదురు. పద్దు 32 బైట్లు. అందు సగము పేరు మొదలైనవాటికి, సగము దిమ్మలకు. కిలోబైటు దిమ్మల లెక్కన ఒక పద్దు 16 కిలోబైట్లను మాత్రమే మోయగలదు; ఫైలు అంతకు మించినచో అదే పేరుతో రెండవ పద్దు, మూడవ పద్దు తెరువవలసినదే. మన 5 మెగాబైట్ల కృతిని ఆ పద్ధతిలో వ్రాయవలసివచ్చినచో పేరు 320 మార్లు వ్రాయవలెను. ఆనాటి 8 అంగుళముల ఫ్లాపీలో మొత్తము పద్దులు 64 మాత్రమే. పైగా సీపీఎమ్ ఫైలు పొడవును 128 బైట్ల తునకల లెక్కన కొలిచెడిది గాని బైట్ల లెక్కన కాదు. ఫ్యాట్ పద్దు కచ్చితమైన బైట్ల సంఖ్యను చెప్పును.

ఐనను కిల్డాల్ పద్ధతిలో ఒక వివేకము లేకపోలేదు. పట్టిక యనునది లేనప్పుడు పట్టిక చెడుట అనునదియు లేదు. ఫ్యాట్‌లో అడంగలు చెడినచో ఊరంతయు వివాదగ్రస్తమగును. ఆ భయముతోనే దానిని రెండు ప్రతులుగా వ్రాయుదురు గాని, రెండు ప్రతులను ప్రక్కప్రక్కనే ఉంచుదురు. ఒక దెబ్బకు రెండును పోవుటకు ఇంతకంటె అనువైన చోటు వెదకినను దొరకదు.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అను చిన్న సంస్థలో టిమ్ ప్యాటర్సన్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టమునకు బయటి పోకడలను చాలవరకు సీపీఎమ్ వలెనే ఉంచి, డిస్కు వ్యవహారమునకు మాత్రము ఈ ఫ్యాట్‌ను స్వీకరించెను. అదియే మరుసటి సంవత్సరము మైక్రోసాఫ్ట్ చేతికి చేరి ఎమ్మెస్‌డాస్ అయినది. సీపీఎమ్ ఓడిపోయినను దాని గుర్తులు కొన్ని ఫ్యాట్ శరీరములో మిగిలినవి. వాటిలో నాకు మిక్కిలి ప్రియమైనది 229 అను సంఖ్య. ఫైలును తొలగించుమని చెప్పినప్పుడు యంత్రము పాటను తుడిచివేయదు. పద్దులోని మొదటి బైటును 229గా మార్చి, పట్టికలో దాని గడులను సున్నచేసి ఊరకుండును. పాట మళ్లలో అట్లే పడియుండును; పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చు ప్రోగ్రాములు బ్రతుకుచున్నది ఈ సోమరితనము మీదనే. మరి 229 ఎందుకు? నాటి 8 అంగుళముల ఫ్లాపీలను సిద్ధపరచునప్పుడు ఫలకమంతట ఈ సంఖ్యనే నింపెడివారు. కావున కొత్త ఫ్లాపీని చదివిన సీపీఎమ్‌కు పద్దులన్నియు కొట్టివేసినవిగా, అనగా ఖాళీగా కనబడెడివి. ప్రత్యేకముగా చిట్టా తయారుచేయవలసిన పని తప్పినది. ఈ మిగులుబాటు జపానులో చిక్కు తెచ్చినది. అక్కడి లిపి సంకేతములలో కొన్ని కంజి అక్షరములు 229తోనే మొదలగును. అట్టి పేరుగల ఫైలు పుట్టుచునే చచ్చినదని యంత్రము భావించును. అందుచేత పేరు నిజముగా 229తో మొదలైనప్పుడు అక్కడ 5 అని వ్రాయవలెనని ఒక అపవాదసూత్రమును చేర్చిరి. పాణిని చూచినచో ముచ్చటపడియుండును.

ఈ కొట్టివేతయే మన పాటల వరుసను చెరచు రెండవ కారణము. పాత పాటను తీసివేసి కొత్తదానిని ఎక్కించినప్పుడు, అది చిట్టా అడుగున చేరునని మనమనుకొందుము. కాని యంత్రము సాధారణముగా పైనుండి వెదకి, కొట్టివేసిన పద్దులు చాలినన్ని వరుసగా ఎక్కడ దొరికిన అక్కడ దానిని ఇరికించును. నిన్న ఎక్కించిన పాట ఆల్బము నడుమ ఊడిపడుటకు కారణమిదే.

"చాలినన్ని పద్దులు" అంటిని. ఒక్క పాటకు ఒక్క పద్దు చాలదా? ఇక్కడనే ఫ్యాట్ చరిత్రలోకెల్ల చమత్కారమైన ఘట్టమున్నది. పద్దులో పేరునకు దక్కినది 11 బైట్లు: పేరు 8, చివరి తోక 3. ఆ ఇరుకులో ఏ కృతి పేరు పట్టును? 1995లో విండోస్ 95 దీర్ఘనామములను తేవలసివచ్చినప్పుడు, లోకములోని కోట్లకొలది ఫ్లాపీలు, పాత ప్రోగ్రాములు చెడకుండ, పద్దు ఆకారము మారకుండ, 255 అక్షరముల పేరును ఎచట దాచవలెను? పద్దులో లక్షణములను తెలుపు బైటు ఒకటి కలదు: చదువుటకు మాత్రమే అన్నచో 1, గుప్తమన్నచో 2, వ్యవస్థకు చెందినదన్నచో 4, డిస్కు పేరన్నచో 8. ఇవి నాలుగును ఒక్కమారు కూడినచో 15. డిస్కు పేరు గుప్తమై, వ్యవస్థకు చెందినదై, చదువుటకు మాత్రమే యుండుట అర్థములేని మాట. అట్టి పద్దును పాత ప్రోగ్రాములు చూచియు చూడనట్లు దాటిపోవును. ఆ అర్థరాహిత్యములోనే దీర్ఘనామమును దాచిరి! 15 గుర్తుగల దొంగపద్దులను, పొట్టిపేరుగల అసలు పద్దునకు ముందు, వెనుకనుండి ముందునకు పేర్చిరి. డిస్కులను బాగుచేయు పాత ప్రోగ్రాములకు అనుమానము రాకుండ, మొదటి మడి సంఖ్య ఉండవలసిన చోట సున్న వేసిరి. ఎవడైనను పాత ప్రోగ్రాముతో పొట్టిపేరును మార్చినచో దీర్ఘనామము అనాథయైనదని కనిపెట్టుటకు, పొట్టిపేరు నుండి లెక్కకట్టిన ఒక బైటు మొత్తమును ప్రతి దొంగపద్దులోను వ్రాసిరి.

మన కృతి నొకదానిని దగ్గరగా చూడుడు. ఒక్కొక్క దొంగపద్దులో 13 సంకేతములు పట్టును. "ఎందరో మహానుభావులు" అనునది కంటికి తొమ్మిది అక్షరములే ఐనను, సున్న, గుణింతపు గుర్తులు వేరువేరు సంకేతములు గనుక, నడుమ ఖాళీతో కలిపి 17. తోకయైన చుక్క, ఎంపీ3తో కలిపి 21. కావున పేరు రెండు ముక్కలగును: మొదటి పద్దులో "ఎందరో మహానుభా", రెండవదానిలో "వులు", తోక. చిట్టాలో ఇవి తలక్రిందుగా నుండును: ముందు "వులు", తరువాత "ఎందరో మహానుభా", ఆపై పొట్టిపేరుతో అసలు పద్దు. ఒక్క కృతికి మూడు పద్దులు, 96 బైట్లు.

దీర్ఘనామముల వలన వచ్చిన మరియొక ఇబ్బందిని పాత చిన్న పెన్‌డ్రైవులలో ఎరుగుదుము. ఫ్యాట్16 అను రూపములో మొదటి చిట్టాకు స్థలము నిర్ణీతము. సాధారణముగా 512 పద్దులు. సినిమా పేరు, గాయకుల పేర్లు కలిపి 40 సంకేతముల పేరు పెట్టినచో పాటకు ఐదు పద్దులు. నూటరెండు పాటలకే చిట్టా నిండి, పెన్‌డ్రైవులో సగము ఖాళీయున్నను చోటు లేదని మొరాయించును. పాటలను ఫోల్డర్లలో పెట్టుట శోభకు మాత్రమే కాదనుట దీనివలన స్పష్టము. 1983లో ఎమ్మెస్‌డాస్ రెండవ రూపముతో వచ్చిన ఫోల్డరు నిజమునకు మరియొక ఫైలే, అందలి సరకు పాట కాక పద్దులు, అంతే భేదము. ఫైలు గనుక పట్టికలో గొలుసు పెంచుకొనుచు ఎంతైనను పెరుగవచ్చును.

చిట్టా మాటకు లోబడక, పాటలోనే పాట వివరములను దాచు ప్రయత్నమొకటి 1996లో వచ్చినది. ఐడీ3 అను ఆ పద్ధతిలో ఫైలు చివర 128 బైట్లు చేర్చి, పాట పేరునకు 30, గాయకునికి 30, ఆల్బమునకు 30 ఇచ్చిరి. తెలుగు సంకేతమొక్కటి యూటీఎఫ్8లో మూడు బైట్లు తినును. అనగా పది సంకేతములకు పేరు ముగియవలెను. పాట వరుససంఖ్యకు అందు చోటే లేదు. తరువాత ఒకడు వ్యాఖ్యకు కేటాయించిన బైట్లలో రెండింటిని కొల్లగొట్టి దానికి చోటు చేసెను. పిదప వచ్చిన విశాలమైన రూపము ఈ ఇబ్బందులను తీర్చినదే గాని, ఫోల్డరును నమ్ము స్టీరియో వేరు, ఈ చీటీని నమ్ము స్టీరియో వేరు. కొన్నవారు తమది ఏ మతమో ముందు తెలిసికొనవలెను.

ఫోల్డరు మతమువారు చేయవలసినది అల్పము. పేర్లకు ముందు 01, 02 అని రెండంకెలు వేయవలెను; వట్టి 1, 2 వేసినచో 10 వచ్చి 2కు ముందు నిలుచును, ఏలయన అక్షరములను పోల్చువానికి సంఖ్య విలువతో పనిలేదు. పేర్లను సర్దు స్టీరియోకు ఇది చాలును. సర్దని దానికి, ఖాళీచేసిన ఫోల్డరులో కాక కొత్త ఫోల్డరులో, కోరిన వరుసలో ఒక్కొక్కటిగా ఎక్కించవలెను. లేదా ఫ్యాట్‌సార్ట్ వంటి ప్రోగ్రాముతో పద్దులనే తిరిగి వ్రాయించవలెను. అది పాటల జోలికి పోదు, చిట్టాను మాత్రమే సర్దును. వేయి పాటలైనను క్షణములో ముగియును. మ్యాకింటాష్ నుండి ఎక్కించువారు మాత్రము ప్రతి పాట ప్రక్కన చుక్కతోను అడుగుగీతతోను మొదలగు ఒక బుల్లి ఫైలు పుట్టునని యెరిగి దానిని తొలగించుకొనవలెను. తోక ఎంపీ3 అని యుండుటచేత మోసపోయి స్టీరియో దానిని వాయింపబోయి గుటకలు మ్రింగును.

తరువాతి కథ పొట్టిది. 1996లో ఫ్యాట్32 వచ్చి మొదటి చిట్టాకును గొలుసు కట్టినది. ఫైలు పొడవు వ్రాయు చోటు నాలుగు బైట్లే గనుక ఏ ఫైలును 4 గిగాబైట్లను మించరాదను కట్టు నేటికిని ఉన్నది. ఆ దొంగపద్దుల యుక్తికి మైక్రోసాఫ్ట్ పేటెంటు తీసికొని, 2009లో కార్లకు దారిచూపు యంత్రములమ్ము టామ్‌టామ్ కంపెనీపై, ఇతర పేటెంట్లతోపాటు దానిని కూడ చూపి వ్యాజ్యము వేయగా, కొలది వారములలోనే అది రాజీయైనది. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్ పేరును పద్దుకు 15 సంకేతముల చొప్పున పేర్చును. ముక్కలు కాకుండ ఒక్కచోటనే ఉన్న ఫైలునకు పట్టికను చూడనే చూడదు. దాని వివరములను మైక్రోసాఫ్ట్ 2019లో లోకమునకు వెల్లడించినది. 32 గిగాబైట్లకు మించిన మెమరీ కార్డులు దానితోనే బజారుకు వచ్చును. పాత కార్లు అనేకము దానిని చదువనేరవు గనుక, 64 గిగాబైట్ల కార్డు కొన్నవారు దానిని ఫ్యాట్32గా మార్చుకొనవలెను; విండోస్‌లోని ఫార్మాటు పెట్టె చాలాకాలము 32కు మించి ఆ పని చేయనొల్లలేదు గనుక, అందుకు వేరొక ప్రోగ్రామును ఆశ్రయింపవలసియుండెడిది.