ఒంటరిగా పొలానికి వెళ్ళే రైతుకు ఆపద సంకేత సాధనాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో వరికి నీరు పెట్టడం చాలావరకు ఒక్క మనిషి చేసే పని. పాముకాటు, విద్యుద్ఘాతం, బావిలో జారిపడటం వంటి ప్రమాదం జరిగితే కేక వినేవారు దగ్గర ఉండరు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోకి రావడంతో, రాత్రి వంతు కరెంటు కోసం కాపు కాయవలసిన అవసరం తగ్గింది. ఒంటరితనం మాత్రం అలాగే ఉంది.

సాధనాలు - పనితీరు

ఒంటరిగా పనిచేసేవారి కోసం రూపొందించిన పరికరాలు ముఖ్యంగా మూడు విధాలుగా పనిచేస్తాయి.

1. మీట నొక్కగానే ముందుగా నమోదు చేసిన నంబర్లకు సంకేతం పంపేవి.

2. మనిషి పడిపోయి కొంతసేపు కదలకపోతే సెన్సర్ ద్వారా గుర్తించి తామే హెచ్చరించేవి.

3. నిర్ణీత గడువులోగా 'క్షేమం' అని తెలుపకపోతే హెచ్చరించేవి.

స్పృహ తప్పినవారు మీట నొక్కలేరు కనుక చివరి రెండు విధానాలకు ప్రాధాన్యం ఉంది.

చేతిలోని ఫోను

2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 2017 నుండి అమ్మే మామూలు ఫోన్లలో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్ళే సౌకర్యం ఉండాలి. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కడం అందుకు ఒక మార్గం. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లున్నాయి. అయితే బావి వద్ద సిగ్నల్ అందుతుందో లేదో ముందే చూసుకోవాలి.

గడువు విధానానికి పరికరం కూడా అవసరం లేదు. ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పాలి. గడువు దాటినా ఫోను ఎత్తకపోతే పక్క పొలం రైతుకు కబురు చేయాలి. అందుకునే మనిషి లేని సంకేతం వృథా.

సంకేతం అందిన తరువాత

విద్యుద్ఘాతంలో సహాయం చేరేలోపే ప్రాణం పోవచ్చు. అక్కడ సరైన ఎర్తింగే ప్రధాన రక్షణ. వెళ్ళినవారు సరఫరా ఆపకుండా బాధితుని తాకరాదు. పాముకాటుకు గాయాన్ని కోయడం, గట్టిగా కట్టడం మానుకుని, బాధితుని కదలనీయకుండా విషవిరుగుడు మందు లభించే ఆసుపత్రికి చేర్చాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

విస్తరణ కర్తవ్యం

పొలాస పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు రైతు శిక్షణలలో, సిరిసిల్ల వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఈ అంశాన్ని చేర్చవచ్చు. రైతుతో పాటు బావి వరకు నడిచి, సిగ్నల్ పరీక్షించి, అంబులెన్సుకు చెప్పవలసిన దారి గుర్తులను స్టార్టర్ డబ్బాపై రాయించడం ఒక్క పూట పని.