మీకు తెలుసా? ఒక్క దమ్ము కూడా వద్దు!

సిగరెట్లు రోజుకు కొన్ని తగ్గించుకుంటూ పోతే మానడం తేలికనుకుంటాం. ఇంగ్లండులో దాదాపు 700 మందిపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. రెండు వారాలపాటు మెల్లగా తగ్గించి మానినవారిలో నెల తర్వాత పొగ ముట్టనివారు 39 శాతం. ఒక రోజు నిర్ణయించుకుని ఒక్కసారిగా మానేసినవారిలో 49 శాతం. ఆరు నెలలకు రెండు లెక్కలూ పడిపోయాయి (15.5, 22), అయినా తేడా నిలిచింది. మెల్లగా మానడమే నచ్చినవారికి కూడా ఒక్కసారిగా మానడమే ఎక్కువ కలిసొచ్చింది! అందరికీ నికోటిన్ పట్టీలు, నర్సుల సలహా అందాయి. పట్టుదల ఉన్నవారూ సాయం తీసుకోవాల్సిందే. టీ కొట్టు దగ్గర స్నేహితుడు చాచే ‘ఆ ఒక్కటే’ అసలు గండం. జేబులో లైటర్ కూడా ఉంచుకోకండి. మన దేశంలో ఉచిత సలహాకు: 1800-112-356.